పైడితల్లి కొట్టు

మా గెడ్డపేట పురపాలక సంఘంలో సమావేశాల మినిట్సు రాసేది నేను. పేరు గవరయ్య, హోదా సీనియర్ అసిస్టెంటు. కౌన్సిలర్లు ఏం మాట్లాడుకున్నా సరే, తర్వాత చదివేవాళ్ళకి మాత్రం వాళ్ళు పెద్దమనుషుల్లా కనబడేట్టు రాయడం నా ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఆ పని బాగానే చేశానని నా నమ్మకం.

ఆ వేసవి మొదట్లో జరిగిన సమావేశంలో పదో వార్డు కాలువ మీద పలకలు వేయాలా వద్దా అన్న చర్చ వచ్చింది. ఇద్దరు సభ్యులు లేచి ఒకరి వంశాన్ని ఒకరు ముత్తాతల దాకా తవ్వుకుంటూ వెళ్ళారు. మధ్యలో చెప్పుల ప్రస్తావన కూడా వచ్చింది. నేను శాంతంగా "సభ్యులు పరస్పరం కుటుంబ క్షేమ సమాచారములు విచారించుకొనిరి" అని రాసుకుని ఇంటికి పోయాను. కానీ ఎవడో మహానుభావుడు ఆ విచారణంతా ఫోనులో రికార్డు చేశాడు. మర్నాడు పొద్దున్నకి జిల్లా అంతా మా క్షేమ సమాచారాలు వింది.

సరిగ్గా అప్పుడే మా కమిషనర్ శీతలప్రసాద్ గారు శిక్షణ ముగించుకుని ఊళ్ళో దిగారు. ఎక్కడో కొండమీద చల్లటి హోటల్లో "సౌమ్య సంభాషణ ద్వారా సుపరిపాలన" అని నేర్పి పంపారట. చలిలో నేర్చుకున్న విద్య మా ఎండలో ఎంతవరకు నిలుస్తుందని ఆయన్ని అడిగేవాడు లేకపోయాడు. నన్ను గదిలోకి పిలిచి, కళ్ళు సగం మూసుకుని, "గవరయ్య గారూ, ఈ పట్టణానికి పట్టిన మూలవ్యాధి కాలువ కాదండీ, భాష" అన్నారు. మూలవ్యాధి అంటే ఏమిటో ఆయనకి ఎవరైనా చెబితే బాగుండును. నేను చెప్పలేదు, నాకింకా సర్వీసు ఉంది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా గెడ్డపేట పురప్రజలకు తెలియజేయునది ఏమనగా, పురపాలక పరిధిలో హింసాత్మక, అవమానకర, ఉద్రేకజనక పదజాలము నేటి నుండి నిషేధించడమైనది. అట్టి పదములను ఎవరును పలుకరాదు, వినరాదు, మనసున తలచరాదు." ఏ పదాలో కింద చూపించాలి కదా సార్ అన్నాను. చూపిస్తే ఆ పదాలు ప్రభుత్వ కాగితం ఎక్కుతాయి, మన ఉత్తర్వును మనమే ఉల్లంఘించినట్టవుతుంది అన్నారాయన. పదాలు రావలసిన చోటు ఖాళీగా వదిలి అలాగే టైపు చేశాను.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగారావుకి ఆ పూట నుంచి కొత్త హోదా వచ్చింది, సౌమ్యభాషా పర్యవేక్షకుడు. పాపం, అతను మంచివాడే. చీపుర్లు, బ్లీచింగు పొడి తప్ప ప్రపంచంలో ఇంకేవీ పట్టించుకోని మనిషి. అతన్ని ఆటోలో ఎక్కించి, చేతికి మైకిచ్చి, వీధి వీధికీ పంపారు. "ఆ మాటలు ఆడకండమ్మా, ఆ మాటలు ఆడినవారిపై చర్య తీసుకోబడును" అని చెప్పుకుంటూ పోయాడు. చేపల బజారు దగ్గర ఓ పెద్దావిడ ఆటో ఆపి, ఏ మాటలు నాయనా అని అడిగింది. అవేనమ్మా అన్నాడు జోగారావు. ఆవిడ ఒక మాట అని, ఇదేనా అంది. జోగారావు తల ఊపాడు. ఇంకొకావిడ ఇంకోటి అని, మరి ఇదో అంది. వెనక నుంచి ఇంకెవరో, అదే మాట మా అత్తగారి ఊళ్ళో ఇలా అంటారు, అది కూడా లెక్కలోకి వస్తుందా అని సందేహం వెలిబుచ్చారు. ప్రతి వీధిలోనూ ఇదే తంతు. జనం తప్పు చేయకూడదన్న భయంతో తమకి తెలిసిన బూతులన్నీ గట్టిగా పైకి అని సరిచూసుకున్నారు. ఆ ఒక్కరోజున మా ఊళ్ళో వినబడినన్ని తిట్లు నా జన్మలో వినలేదు. నాకు తెలియనివి కూడా కొన్ని తెలిశాయి.

అయినా చెప్పొద్దూ, మొదట్లో కాస్త ఫలితం కనబడింది. తప్పు మాట దొర్లినవాళ్ళని కూర్చోబెట్టడానికి ఆఫీసు వరండాలో ఒక బెంచీ వేయించి, దానికి చిరునవ్వు బల్ల అని పేరు పెట్టారు. దొరికినవాడు దానిమీద కూర్చుని గంటసేపు నవ్వుతూ ఉండాలి. నవ్వు జారిపోతే మళ్ళీ మొదటినుంచీ. కుళాయి దగ్గర బిందె వరసలో గొడవ పడ్డ ఇద్దరాడవాళ్ళని పక్కపక్కన కూర్చోబెడితే, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ పళ్ళు బిగించి నవ్విన ఆ నవ్వుకి పింఛను కాగితం కోసం వచ్చిన ముసలాయన భయపడి తిరిగి వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఒకరోజు మధ్యాహ్నం అటెండరు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, వినయంగా, "బెల్లు కొట్టారా సార్" అని అడిగాడు.

కమిషనర్ గారి చేతిలో కలం ఆగిపోయింది. ఏమన్నావు అన్నారు. అటెండరు మళ్ళీ అదే మాట అన్నాడు. నన్ను పిలిచారు. ఆయన మొహం చూస్తే పక్కింట్లో హత్య జరిగిందని విన్నవాడిలా ఉంది.

"గంటను ఎందుకు కొట్టాలి గవరయ్య గారూ? అదేం అపరాధం చేసింది?"

సార్, అది వాడుక అన్నాను. ఆ వాడుకే ప్రమాదం అన్నారు. "పొద్దున లేచింది మొదలు మన ప్రజలు ఏం చేస్తున్నారు? గంట కొడుతున్నారు. కొబ్బరికాయ కొడుతున్నారు. గోడకు సున్నం కొడుతున్నారు. సంతోషం వస్తే చప్పట్లు కొడుతున్నారు. ఇన్ని కొట్టినవాడు సాయంత్రానికి పక్కవాణ్ణి కొట్టక ఏం చేస్తాడు?" అని బల్ల మీద గుద్దబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, మెల్లగా కిందికి దింపారు. ఆ దింపడంలోనే ఆయనకి జ్ఞానోదయం అయింది. శిక్షణలో వాళ్ళ గురువుగారు చెప్పారట, ఎత్తిన చెయ్యి కొడుతుంది, దించిన చెయ్యి స్పృశిస్తుంది అని. అంతే. కొట్టు అన్న ధాతువు ఏ రూపంలో, ఏ సందర్భంలో కనబడినా సరే, దాని స్థానంలో స్పృశించు అన్న పదం మాత్రమే వాడాలని రెండో ఉత్తర్వు వచ్చింది.

ఆ పదాన్ని నోరు తిరిగి పలకగలిగినవాళ్ళు ఊళ్ళో పదిమంది కూడా లేరు. జనం దాన్ని పుసించు అని నాజూకు చేసుకున్నారు. అధికారులు ఆ పూట నుంచి బెల్లును వేలితో ముట్టుకుని ఊరుకునేవారు. అందులోంచి శబ్దం రాదు కాబట్టి ఎవరూ ఎవరి గదిలోకీ వెళ్ళేవారు కారు, ఆఫీసు పని చాలా ప్రశాంతంగా సాగింది. గుళ్ళో పూజారి గారు కొబ్బరికాయని రాయికి మెల్లగా తాకించి భక్తుడికి తిరిగిచ్చేసేవారు. ఒకే కాయ నెలంతా పనికొస్తోందని భక్తులు సంతోషించారు, కాయలమ్మేవాడు మాత్రం ఏడ్చాడు. సైకిలు షాపువాడి దగ్గరికెళ్ళి గాలి స్పృశించవయ్యా అంటే, టైరు నిమిరి పంపించేవాడు. ఒకమ్మాయి పోలీసు స్టేషనుకి వెళ్ళి, బస్టాండు దగ్గర ఒకడు తనని చూసి కన్ను స్పృశించాడని ఫిర్యాదు చేస్తే, ఎస్సై గారు వాణ్ణి పిలిపించి, కంట్లో నలకేమైనా పడిందా బాబూ అని జాలిపడి కళ్ళాసుపత్రికి చీటీ రాసిచ్చారు.

దోమల మందు కొట్టే యంత్రం సంగతి మరీ అన్యాయం. దాన్ని సిబ్బంది వీధి వీధికీ మోసుకెళ్ళి, గోడకి ఒకసారి ఆనించి, మోసుకొచ్చేవారు. దోమలు మాత్రం మమ్మల్ని స్పృశించడం మానలేదు.

పదో వార్డు వాళ్ళు కాలువ కంపు కొడుతోందని రాస్తే తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి, "కాలువ కంపు స్పృశించుచున్నది" అని రాసుకుని ఫైలు పైకి పంపాను. "స్పర్శ సహజగుణము. చర్య అవసరము లేదు" అని రాసి కమిషనర్ గారు వెనక్కి పంపారు. ఇలా వచ్చిన ఫిర్యాదు వచ్చినట్టే చల్లబడిపోవడంతో, మా సంఘంలో ఫిర్యాదులు తగ్గాయని పైవాళ్ళకి నివేదిక వెళ్ళింది. దాని వెనకే పైనుంచి కబురొచ్చింది. సౌమ్యభాషా పురస్కారానికి గెడ్డపేట పేరు పరిశీలనలో ఉందనీ, పురస్కార సంఘం అధ్యక్షురాలు డాక్టర్ మందాకిని గారు స్వయంగా వచ్చి వీధులన్నీ కాలినడకన చూస్తారనీ.

ఇక కమిషనర్ గారికి నిద్ర లేదు. ఊళ్ళో ఒక్క కొట్టు కూడా మిగలకూడదని జోగారావుకి చెప్పారు. జోగారావు రెండు రోజులు తిరిగి, మూడోనాడు వచ్చి, "సార్, ఒకటి దొరికింది. రేకు మీద, ఎర్ర అక్షరాల్లో, మెయిన్ రోడ్డు మీదే" అన్నాడు.

అది పైడితల్లి కొట్టు.

గెడ్డపేటలో ఆ కొట్టు తెలియనివాడు లేడు. టీ, సోడా, అరటిపళ్ళు, పిల్లలకి బిస్కట్లు, ఎప్పుడైనా వేడివేడి బజ్జీలు. బస్సులు ఆగేది అక్కడే, పెళ్ళి శుభలేఖల్లో దారి చెప్పేది ఆ కొట్టు గుర్తుతోనే. పైడితల్లి ఒకరిని పల్లెత్తు మాట అనే మనిషి కాదు. అలాగని నోట్లో నాలుక లేని మనిషి కూడా కాదు, బేరంలో మాత్రం ఎవరికీ దొరకదు. ఆఫీసులో సగంమందికి పొద్దుటి టీ ఆవిడ చేతిదే, నాక్కూడా. కాబట్టి నోటీసు టైపు చేస్తున్నప్పుడు నా చేతులకి కాస్త సిగ్గేసిన మాట నిజం.

నోటీసు ఇలా ఉంది. "తాము తమ వ్యాపార స్థలము నెత్తిన 'పైడితల్లి కొట్టు' అని బహిరంగముగా ప్రదర్శించుచున్నారు. ఇది పైడితల్లి అను ఒక స్త్రీకి కొట్టుమని ఇచ్చు ఆజ్ఞగా స్పష్టమగుచున్నది. ఎవరిని కొట్టవలెనో చెప్పకపోవుట వలన ఎవరినైనను కొట్టవచ్చునని అర్థము వచ్చుచున్నది. ఇది మరింత ప్రమాదకరము."

ఆవిడ ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం ఆఫీసుకొచ్చింది. టీ గిన్నె మీద మూత పెట్టి, కొట్టు పక్కింటావిడకి అప్పజెప్పి, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది. చదివి చెప్పమంది. చదివాను.

"నానెవుల్ని కొట్టినాను బాబూ?" అంది.

నువ్వు కొట్టలేదమ్మా, నీ బోర్డు కొట్టమంటోంది అని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. నాకు జ్వరమేమైనా వచ్చిందేమోనని అనుమానపడినట్టుంది. కొట్టు అంటే దుకాణం అనే నామవాచకం కదా, క్రియ కాదు కదా అని లోపలికి వెళ్ళి కమిషనర్ గారికి మనవి చేశాను. ఆయన చిరునవ్వు నవ్వి, "నామవాచకమా క్రియా అన్నది ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది గవరయ్య గారూ. ఉద్దేశం రేకు మీద కనపడదు" అన్నారు. పోనీ దుకాణం అని రాయించుకోమందామా అంటే, 'నీ దుకాణం మూయిస్తా' అని ఊళ్ళో బెదిరించుకునే వాడుక ఉంది కాబట్టి ఆ పదం కూడా అనుమానాస్పదమే అన్నారు. ఉత్తర్వు ప్రకారం ఆ స్థానంలో రావలసిన పదం ఒక్కటే, దానికి తిరుగు లేదు. ఆవిడని లోపలికి పిలిచి ఆ మాటే చెప్పారు.

"అమ్మా, తమరు ఆ బోర్డును సౌమ్యముగా మార్చుకొనవలెను. 'పైడితల్లి స్పృశించు' అని."

పైడితల్లి నావైపు తిరిగి, పుసించు అంటే ఏటి బాబూ అని అడిగింది. చెప్పక తప్పలేదు. ముట్టుకోవడం అన్నాను.

ఆవిడ నోటీసు మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత మెల్లగా, ఏ ఉద్రేకమూ లేకుండా అంది. "కొట్టు అని రాసుంటే టీకొత్తారు బాబూ. నా పేరెట్టి, పక్కన ముట్టుకో అని రాత్తే దేనికొత్తారో తమకి తెల్దేటి?"

కమిషనర్ గారు ఆ కోణంలో ఆలోచించినట్టు లేదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఉత్తర్వు ఉత్తర్వే. మార్చకపోతే పురస్కార సంఘం వచ్చే రోజు నుంచి తమ వ్యాపారమునకు గౌరవపూర్వక విరామము ప్రకటించబడును అన్నారు. అంటే ఏటని మళ్ళీ నన్నే అడిగింది. మూసేస్తారమ్మా అన్నాను.

అప్పుడు చెప్పింది ఆవిడ, వరండాలోకి వచ్చి, నాకొక్కడికే. అంతకుముందు బస్టాండులో నెత్తిన గంపెట్టుకుని అరటిపళ్ళు అమ్మేదట. అందరూ గంపదానా, ఇటు రాయే అని పిలిచేవారట. పైడితల్లి అన్న పేరు కన్నతల్లి పోయాక ఎవరి నోటా వినలేదట. ఆ రేకుల గది కట్టుకున్నాక, బోర్డు రాసే కుర్రాడు ఏం పేరెట్టమంటావని అడిగితే ఈవిడ తన సొంత పేరే చెప్పిందట. వాడు రాసిచ్చిన ఆ అక్షరాల కింద రోజూ వేలుపెట్టి చూసుకుంటూ చదువు నేర్చుకుంది. "నాకొచ్చిన సదువు ఆ రెండు మాటలే బాబూ. అందులో ఒకటి తీసేత్తే సగం సదువు పోద్ది. నాను తియ్యను. మీరు కొట్టు మూసేత్తే మూసెయ్యండి" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కోపం ఎవరి మీదో తెలియక మా ఇంట్లో వాళ్ళ మీద అరిచాను. మా ఆవిడ, రేపు నిన్ను ఆ చిరునవ్వు బల్ల మీద కూర్చోబెట్టమని నేనే జోగారావుకి చెబుతాను అంది.

పురస్కార సంఘం వచ్చే రోజు రానే వచ్చింది. రోహిణి కార్తె ఎండ. అది ఏం చేస్తోందో చెప్పడానికి మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మాట నిషేధంలో ఉంది. వచ్చినవాళ్ళ చెవుల్లో తప్పుడు మాట పడకుండా మెయిన్ రోడ్డు మీది మిగతా షాపులన్నీ ముందురోజే మూయించారు. కమిషనర్ గారు నల్ల కోటు, పట్టు శాలువా వేసుకుని, పైడితల్లి కొట్టు ముందుకి సిబ్బందితో సహా వచ్చి నిలబడ్డారు. నేను నోటీసు ఫైలు చంకలో పెట్టుకుని పక్కన ఉన్నాను. పైడితల్లి సామానంతా లోపల సర్దేసి, బయట అరుగు మీద నీడలో కూర్చుంది. కళ్ళు మాత్రం బోర్డు మీదే ఉన్నాయి.

"తలుపు మూసి సీలు స్పృశించండి" అని కమిషనర్ గారు ఆజ్ఞాపించారు.

ముందు జోగారావు వెళ్ళాడు. సీలుని తలుపుకి ఆనించి, తీసుకుని వచ్చేశాడు. స్పృశించాను సార్ అన్నాడు. అలా కాదయ్యా, గట్టిగా అన్నారాయన. జోగారావు మళ్ళీ వెళ్ళి, ఇంకాస్త ఎక్కువసేపు ఆనించి వచ్చాడు. అటెండర్ని పంపారు. అతను తలుపుని ఆప్యాయంగా నిమిరాడు. మునిసిపల్ సిబ్బంది ఒక్కొక్కరే వరసగా వెళ్ళి, గుళ్ళో గడప ముట్టుకున్నట్టు ముట్టుకుని, కళ్ళకద్దుకుని వచ్చారు. ఇన్నాళ్ళూ పాటించిన శిక్షణ ఎక్కడికి పోతుంది. ఆ బోర్డునైనా పీకి అవతల పడెయ్యండి అని ఆయన అనబోయారు. పీకడం, పడెయ్యడం రెండూ ఉద్రేకజనకమే అని గుర్తొచ్చి మధ్యలోనే మింగేశారు. చివరికి విసిగిపోయి తనే తలుపు లాగి, తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకున్నారు. అదే సమయానికి వీధి చివర గొడుగు కింద మందాకిని గారు కనబడ్డారు. బోర్డు ఉన్నచోటే ఉండిపోయింది.

ఆవిడ వచ్చారు. బక్కపలచని మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఏది చెప్పినా అలాగా అంటారు. కమిషనర్ గారు బోర్డు ఆవిడకి కనబడకుండా దానికి అడ్డంగా నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. నేల మీద నిలబడ్డ మనిషి నెత్తిమీది బోర్డుకి ఎలా అడ్డం వస్తాడో ఆయనకే తెలియాలి. నీడలోకి జరగండి సార్ అని సైగ చేశాను, వినలేదు. "సౌమ్యత అనగా" అన్నారు. చప్పట్లు కొట్టాల్సిన చోట జనం అరచేతులు మెత్తగా ఆనించుకున్నారు. "సౌమ్యత అనునది" అన్నారు. కోటు లోపల ఆయన ఉడికిపోతున్నట్టు మొహమే చెబుతోంది. మూడోసారి "సౌమ్యత" అని, కళ్ళు తేలేసి, అరుగు మీద పైడితల్లి పక్కనే కుప్పకూలిపోయారు.

జోగారావు ఫోను తీసి పెద్దాసుపత్రికి చేశాడు. వడదెబ్బ అనడానికి వీల్లేదు కదా, దెబ్బ కూడా నిషేధమే. "మా సారుని ఎండ స్పృశించిందండీ, వెంటనే అంబులెన్సు పంపండి" అన్నాడు. మమ్మల్నీ స్పృశిస్తోందండీ, ఏం చేస్తాం, కొంచెం నీడపట్టున ఉండమనండి అని అవతలివాళ్ళు మర్యాదగా ఫోను పెట్టేశారు.

మందాకిని గారి నీళ్ళ సీసా దారిలోనే అయిపోయింది. ఎదురుగా మునిసిపల్ కుళాయి ఉంది గానీ, అందులో నీళ్ళు రావడం అనేది మా హయాంలో జరిగిన సంఘటన కాదు. కమిషనర్ గారి పెదాలు అట్టలు కట్టాయి. నీళ్ళు అని సైగ చేశారు. అందరం పైడితల్లి వైపు చూశాం.

"సోడాలు లోపలున్నాయి బాబూ. తాళం తమరి జేబులో ఉంది" అంది ఆవిడ.

ఆయన కోటు తడుముకుని తాళంచెవి తీసి ఇచ్చారు. ఆవిడ లేచి, తను నడిపినన్నాళ్ళూ తీసినట్టే తలుపు తీసి, లోపలి ఐసు డబ్బాలోంచి ఒక గోలీసోడా తెచ్చింది. సీసా మీద నీటి చుక్కలు జారుతున్నాయి. తెచ్చి ఆయన ఎదురుగా నిలబడి, ఏటి సెయ్యమంటారు అని అడిగింది.

"స్పృ... స్పృశించు" అన్నారాయన.

ఆవిడ చూపుడు వేలితో సోడా గోలీని ముట్టుకుంది. ముట్టుకుని, చెయ్యి తీసేసి, మర్యాదగా నిలబడింది. సీసాలో గోలీ కదల్లేదు. ఆయన ఆ సీసా వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. మళ్ళీ అదే మాట అన్నారు. ఈసారి ఆవిడ సీసాని పైనుంచి కిందిదాకా నెమ్మదిగా నిమిరింది. ఆవిడ మొహంలో ఎగతాళి అణువంత కూడా లేదు. ఉత్తర్వు పాటించే మనిషి మొహం ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఆయన ఆగలేకపోయారు. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచారు.

"పైడితల్లీ, కొట్టు!"

జోగారావు రెండు చెవులూ మూసుకున్నాడు. మందాకిని గారు కళ్ళద్దాలు సవరించుకుని, తలెత్తి, పైన రేకు మీది ఎర్ర అక్షరాల్ని మెల్లగా చదివారు. మళ్ళీ కిందికి కమిషనర్ గారిని చూశారు. అలాగా అన్నారు. "అంటే ఇక్కడికొచ్చిన ప్రతివారూ ఈమెకు చేయు అభ్యర్థననే అక్షరబద్ధం చేశారన్నమాట. చాలా వినయపూర్వకముగా ఉన్నది."

పైడితల్లి బొటనవేలు గోలీ మీద పెట్టి ఒక్కటిచ్చింది. కీచుమని గోలీ లోపలికి దిగింది, నురగ పొంగింది. సీసా ఆయన నోటికందించి, రెండో చేత్తో మెడ వెనక పట్టుకుని పసిపిల్లాడికి పట్టినట్టు పట్టింది. ఆయన గటగటా తాగారు. సగం శాలువా మీద పోసుకున్నారు. గ్యాసు ముక్కులోకి ఎక్కి కళ్ళనీళ్ళు తిరిగాయి. మందాకిని గారు అరుగు మీద ఓ పక్కన కూర్చుని, చెప్పులు విప్పి, అమ్మా నాక్కూడా ఒకటి కొట్టవూ అన్నారు. వెనక నుంచి జోగారావు కూడా, అత్తా నాకు నిమ్మకాయ పిండి కొట్టు అన్నాడు. ఆ మాట అన్నాక అతని మొహంలో ఎన్నాళ్ళకో కడుపు నిండినంత తృప్తి కనబడింది.

మినిట్సు రాసేవాడికి ఉండాల్సిన గుణం ఒకటుంది. ఏ క్షణంలో ఫైలు ముందుకి జరపాలో తెలియాలి. కమిషనర్ గారు రెండో సోడా సగంలో ఉండగా నేను చంకలోంచి నోటీసు తీసి, కలం మూత విప్పి, వంగి, ఆయన చెవి దగ్గర నెమ్మదిగా అడిగాను.

"సార్, దీన్నేం చెయ్యమంటారు?"

ఆయన సీసా నోటి దగ్గర్నుంచి దించకుండానే చెయ్యి ఊపారు.

"కొట్టెయ్యవయ్యా."

కొట్టేశాను. కాగితం ఈ మూల నుంచి ఆ మూలదాకా, చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. పైడితల్లి నా చేతిలోని కాగితం చూసి, ఏం రాశారు బాబూ అని అడిగింది. ఏమీ రాయలేదమ్మా అన్నాను. సరే, మీకు సోడానా, టీనా అంది.